పెరటి కోళ్లకు రాత్రి రక్షణ

తెలుగు పల్లెల్లో ఇంటి వెనుక, పశువుల పాక పక్కన, పెంటకుప్ప చుట్టూ తిరుగుతూ, గింజలు, పురుగులు, వంటింట్లో మిగిలిన మెతుకులు ఏరుకుని తినే కొద్దిపాటి కోళ్లను సాకడాన్నే పెరటి కోళ్ల పెంపకం అంటారు. వేలకొద్దీ కోళ్లను షెడ్లలో ఉంచి, కొన్న దాణాతో మేపే ఫారం పద్ధతికి ఇది పూర్తిగా భిన్నమైనది. ఇందులో పెట్టుబడి తక్కువ, శ్రమ ఇంటివారిది, వచ్చే నాలుగు రూపాయలు సాధారణంగా ఇల్లాలి కొంగున ముడిపడేవి. 2019లో జరిగిన ఇరవయ్యవ పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల పైచిలుకు పెంపుడు పక్షుల్లో దాదాపు 31 కోట్ల 70 లక్షలు పెరట్లో పెరుగుతున్నవే కాగా, 2012 గణనతో పోలిస్తే ఈ సంఖ్య సుమారు 46 శాతం పెరిగింది. ఈ సంపదకు తెగుళ్ల తర్వాత పెద్ద శత్రువు రాత్రి వేళ జరిగే జంతువుల దాడి. పొదుగు మీద ఉన్న ఒక పెట్టను అడవిపిల్లి ఎత్తుకుపోతే పోయేది ఒక్క కోడి కాదు. దాని కింద ఉన్న పది పన్నెండు గుడ్లూ, వాటి నుంచి రావలసిన పిల్లలూ, ఆ పిల్లల మీద ఇల్లాలు పెట్టుకున్న ఆశా ఒకేసారి పోతాయి.

ఈ నష్టంలో అత్యధిక భాగం జంతువు బలం వల్ల కాక గూటి లోపం వల్లా, సాయంత్రం పూట చేయవలసిన పనులు చేయకపోవడం వల్లా జరుగుతున్నది కనుక, ఏ ప్రాణినీ చంపకుండానే దీన్ని నివారించవచ్చునన్నది ఈ ప్రసంగం ప్రతిపాదించే విషయం.

ముందుగా కోడి రాత్రివేళ ఎందుకు అంత నిస్సహాయమవుతుందో గ్రహించాలి. పెంపుడు కోడికి మూలం ఎర్ర అడవికోడి. ఉత్తరాంధ్ర మన్యంలోనూ, అక్కడి నుంచి ఈశాన్యంగా తూర్పు కనుమల్లోనూ నేటికీ ఇది తిరుగుతూనే ఉండగా, గోదావరికి దక్షిణంగా దాని స్థానంలో బూడిదరంగు అడవికోడి కనిపిస్తుంది. ఈ అడవి కోళ్లు పగలంతా నేల మీద మేసినా, చీకటి పడేలోగా చెట్టెక్కి కొమ్మ మీద చేరతాయి. కోడి కంటిలో పగటి వెలుతురులో రంగులను పట్టే శంకు కణాలు విరివిగా ఉండి, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు తక్కువగా ఉండటం వల్ల, చీకటి పడ్డాక దానికి దారి కనిపించదు. అందుకే వాలిన చోటనే కదలకుండా ఉండిపోతుంది. పిల్లి జాతి జంతువులకు మాత్రం కంటి వెనుక భాగంలో కాంతిని తిరిగి వెనక్కి పంపే ప్రత్యేకమైన పొర ఉండటం వల్ల నక్షత్రాల వెలుతురు కూడా వేటకు సరిపోతుంది. చూడలేని ప్రాణికీ, చూడగలిగిన ప్రాణికీ మధ్య జరిగే ఈ పోటీలో కోడికి ఉన్న ఒకే ఒక రక్షణ ఎత్తైన కొమ్మ. మనిషి కోడిని మచ్చిక చేసి, ఆ కొమ్మను దూరం చేసి గూట్లో పెట్టాడు కనుక, కొమ్మ చేసే పనిని గూడు చేసేలా చూడవలసిన బాధ్యత కూడా మనిషిదే.

రాత్రి వచ్చే జంతువులను వాటి పేర్లను బట్టి కాక, అవి లోపలికి వచ్చే దారిని బట్టి విభజించుకుంటే రక్షణ మార్గం సులభంగా తోస్తుంది. మొదటి వర్గం ఎక్కి వచ్చేవి. చెట్ల మీద, ఇళ్ల కప్పుల మీద తిరిగే మానుపిల్లి, గోడలు దూకగలిగిన అడవిపిల్లి, ఊళ్లోనే తిరిగే పెంపుడు పిల్లి ఇందులోకి వస్తాయి. కోరింగ మడ అడవుల వంటి గోదావరి, కృష్ణా ముఖద్వార ప్రాంతాల్లో చేపలు తిని బతికే నీటిపిల్లి కూడా అప్పుడప్పుడు కోళ్ల వైపు రావచ్చు. రెండో వర్గం తవ్వి గానీ తోసి గానీ వచ్చేవి. నక్క, ఊరకుక్క గోడ మొదట్లో మట్టి గోకి, వదులుగా ఉన్న తడికను తలతో నెట్టి దూరతాయి. పందికొక్కు నేల కింద కలుగు తవ్వుకుంటూ నేరుగా గూటి మధ్యకు తేలి, పిల్లలనూ గుడ్లనూ తన కలుగులోకి లాక్కుపోతుంది. మూడో వర్గం సందుల్లోంచి దూరేవి. నాగుపాము, జెర్రిపోతు, ఎలుక, సన్నటి శరీరం గల ముంగిస ఈ కోవకు చెందినవి. వీటిలో ముంగిస పగలు తిరిగే జంతువైనా, తెల్లవారుజామున తొందరపడి గూడు తెరిచేవారికీ, పొద్దు గూకినా గూడు మూయనివారికీ నష్టం తెస్తుంది.

ఒక్కొక్కసారి తెల్లవారి చూసేసరికి గూట్లోని కోళ్లన్నీ చచ్చిపడి ఉండి, తిన్నది మాత్రం ఒకటో రెండో అయి ఉంటుంది. దీన్ని జంతు శాస్త్రజ్ఞులు అవసరానికి మించిన వేట అంటారు. అడవిలో ఒక కోడిని పట్టగానే మిగిలినవి పారిపోతాయి కాబట్టి వేట అక్కడితో ఆగుతుంది. మూసిన గూట్లో పారిపోయే దారి లేక మిగిలిన కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ కళ్లెదుటే ఎగిరిపడుతుంటే, ఆ కదలికే జంతువులోని వేట స్వభావాన్ని మళ్లీ మళ్లీ రేపుతుంది. ఇది పగబట్టి చేసిన పని కాదు, బలహీనమైన గూడు తెచ్చిపెట్టిన ఫలితం. సందు ఉన్న గూడు ఆరుబయలు కంటే ప్రమాదకరమనే పాఠం ఇందులో ఉంది.

ఏ జంతువు వచ్చిందో తెలుసుకోవడానికి తెల్లవారగానే, ఇంకా ఎవరూ ఊడవకముందే, గూటి చుట్టూ నెమ్మదిగా పరిశీలించడం అవసరం. కోడి మొత్తంగా మాయమై, దడి వరకూ, ఆపై పొలం గట్టు దాకా ఈకలు చెదురుగా పడి ఉంటే నక్కో కుక్కో అడవిపిల్లో మోసుకుపోయిందని భావించవచ్చు. తడి మట్టిలో పడిన అడుగులో గోళ్ల గుర్తులు కనిపిస్తే అది కుక్క జాతి, గోళ్లు లేకుండా గుండ్రని ముద్ర ఉంటే పిల్లి జాతి, ఎందుకంటే పిల్లి నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది. గుడ్లు మాయమై పెంకు ముక్క కూడా మిగలకపోతే పామును అనుమానించాలి, పాము గుడ్డును పగలగొట్టకుండా మొత్తంగా మింగుతుంది. గూట్లో ఒక మూల తాజా మట్టి కుప్పా, దాని పక్కన పిడికిలి పట్టేంత రంధ్రమూ కనిపిస్తే అది పందికొక్కు పని. ఒంటి మీద గాయమే లేకుండా కోళ్లు చచ్చిపడి ఉంటే మాత్రం జంతువును నిందించక, కొక్కెర తెగులు వంటి వ్యాధిని అనుమానించి పశువైద్యుడికి వెంటనే తెలపాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన అనుభవం తర్వాత ఈ జాగ్రత్త మరింత అవసరమైనది.

ఇక గుడ్ల విషయానికి వస్తే, వీటి రక్షణ కోళ్ల రక్షణ కంటే తేలిక. పెట్ట కడుపులో ఒక గుడ్డు తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందువల్ల రోజురోజుకూ గుడ్డు పెట్టే వేళ కొంచెం కొంచెం ఆలస్యమవుతూ, మధ్యాహ్నం దాటే సరికి పెట్ట ఒక రోజు మాని, మరునాడు మళ్లీ పొద్దున మొదలుపెడుతుంది. చీకటి పడ్డాక కోడి గుడ్డు పెట్టడం చాలా అరుదు. దీని అర్థం ఏమంటే, రాత్రి గూట్లో ఉన్న గుడ్డు ఆ పగలు మనిషి తీయక వదిలేసిన గుడ్డే. పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో ఒకసారి, పొద్దు వాలేముందు మరొకసారి గుడ్లు తీసివేస్తే రాత్రి వచ్చే పాముకు, పందికొక్కుకు ఆ గూట్లో పని ఉండదు. గుడ్డు రుచి ఒకసారి మరిగిన జంతువు అదే చోటికి మళ్లీ మళ్లీ వస్తుంది కనుక, మొదటిసారే దానికి ఏమీ దొరకకుండా చేయడం ముఖ్యం. పెట్ట గడ్డివాములోనో, కంచె మొదట్లోనో దొంగచాటుగా గుడ్లు పెట్టకుండా, గూట్లోనే ఎండుగడ్డి పరిచిన చీకటి మూలను చూపి, అందులో ఒక గుడ్డు పెంకునో, గుండ్రని తెల్ల రాయినో ఉంచితే అది అక్కడే పెట్టడం అలవాటు చేసుకుంటుంది.

పొదుగు మీద ఉన్న పెట్టకు మాత్రం వేరే ఏర్పాటు కావాలి. 21 రోజులపాటు అది రాత్రింబవళ్లు నేలకు దగ్గరగా, ఒకేచోట, శత్రువు వచ్చినా గుడ్లు వదలకుండా కూర్చుంటుంది. ఆపై పిల్లలు రెక్కలొచ్చి ఎత్తుకు ఎగరగలిగే వరకు మరి కొన్ని వారాలు తల్లీపిల్లలు నేల మీదనే పడుకుంటాయి. ఒక కోడి జీవితంలో ఇంతకు మించిన ప్రమాదకాలం లేదు. అందుచేత పొదుగు గంపను పెరట్లో వదలక, ఇంటి లోపల గోడ వారగా గానీ, తలుపు గల కొట్టు గదిలో గానీ పెట్టి, రోజుకు ఒకసారి పగటిపూట పెట్టను బయటికి వదిలి, మేతా నీళ్లూ తీసుకున్నాక తిరిగి కూర్చోబెట్టడం మేలు.

ఇప్పుడు గూటి నిర్మాణం. అరుగు కింద తొలిచిన గూడైనా, ఇటుకలతో కట్టిన గదైనా, చెక్కతో చేసిన పెట్టె అయినా దానికి ఆరు ముఖాలు ఉంటాయని గుర్తుంచుకోవాలి: నాలుగు గోడలు, పైకప్పు, నేల. సాధారణంగా గోడల మీద పెట్టే శ్రద్ధ నేల మీద పెట్టకపోవడం వల్లనే పందికొక్కు, నక్క లోపలికి వస్తాయి. నేలకు బండలు పరచడమో, సిమెంటు వేయడమో చేస్తే తవ్వే జంతువు ఆగిపోతుంది. అంత ఖర్చు వీలుకానప్పుడు గోడ మొదలు నుంచి బయటి వైపుకు ఒకటిన్నర అడుగు వెడల్పున ఇనుప వలను నేల మీద పరిచి, మట్టితోనూ రాళ్లతోనూ కప్పాలి. నక్క, కుక్క వంటి తవ్వే జంతువు గోడను ఆనుకునే గోకడం మొదలుపెడుతుంది. కాలి కింద వల తగిలినప్పుడు వెనక్కి జరిగి దూరం నుంచి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు.

వల ఎంపికలో ఒక పొరపాటు విస్తృతంగా జరుగుతున్నది. బజారులో కోళ్ల వల పేరుతో అమ్మే ఆరు మూలల కన్నుల సన్న తీగ వల కోడిని లోపల ఉంచడానికి పనికివస్తుంది గానీ, జంతువును బయట ఆపడానికి చాలదు. కుక్క దాన్ని పళ్లతో చింపగలదు, ఎలుక దాని కన్నుల్లోంచే దూరగలదు. తీగలను అడ్డంగా, నిలువుగా పేర్చి కలిసిన ప్రతిచోటా అతికించిన వలను వెల్డ్ మెష్ అంటారు. అర అంగుళం కన్నులు గల వెల్డ్ మెష్ వాడితే పందికొక్కు, పెద్ద ఎలుక, ముంగిస, గుడ్డును మింగగలిగినంత పెద్ద పాము లోపలికి రాలేవు. దీన్ని చట్రానికి బయటి వైపు నుంచి బిగించాలి. అప్పుడు జంతువు ఎంత నెట్టినా వల చట్రానికే మరింత గట్టిగా ఆనుకుంటుంది, లోపలి వైపు బిగిస్తే అదే తోపుకు మేకులు ఊడి వస్తాయి. నైలాన్ వలలను నేల దగ్గర కట్టడం మంచిది కాదు, వాటిలో పాములు చిక్కుకుని, తీయబోయిన మనుషులను కాటువేసే ప్రమాదం ఉంది.

గాలి ఆడేందుకు వదిలిన కిటికీలను భయపడి మూసివేయకూడదు. కోళ్ల రెట్ట నుంచి వచ్చే ఘాటైన అమ్మోనియా వాయువు బయటికి పోకపోతే కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని కలుగుతుంది, వేసవి రాత్రుల్లో ఉక్కకు కోళ్లు చచ్చిపోతాయి కూడా. అందువల్ల గాలి రంధ్రాలను పైభాగంలో పెట్టి, వాటికి అదే వెల్డ్ మెష్ బిగించడం సరైన మార్గం. ఒక్కొక్క కోడికి రాత్రి బసకు కనీసం చదరపు అడుగు నుంచి అడుగున్నర చోటు, వాలడానికి గోడకు దూరంగా రెండు మూడు అడుగుల ఎత్తున దండెం, దాని మీద ఒక్కో కోడికి ఎనిమిది అంగుళాల పొడవు ఉండాలి. పెంకుల కప్పులో జారిన పెంకు, తాటాకు కప్పుకూ గోడకూ మధ్య మిగిలిన సందు మానుపిల్లికి రాచబాటలు కనుక కప్పు కింద కూడా వల వేయడం అవసరం. తలుపుకు కేవలం కొక్కెం చాలదు, కుక్క మూతితో దాన్ని ఎత్తగలదు. పైనా కిందా రెండు గడియలు ఉంటే తలుపు మూల వంగి సందు ఏర్పడదు. నేల నుంచి మూడడుగుల ఎత్తున కాళ్ల మీద నిలిపిన మంచె గూడు వరద వచ్చే డెల్టా గ్రామాల్లో ఉపయోగకరం. దాని కాళ్లకు నున్నటి రేకు చుట్టి, నిచ్చెనను రాత్రి తీసివేస్తే ఎలుకలకూ పాములకూ ఎక్కే పట్టు దొరకదు.

గూడు కట్టే స్తోమత లేని ఇళ్లలో వెదురు గంపే నేటికీ కోళ్ల రాత్రి బస. కోళ్లను పోగుచేసి గంప బోర్లించి, పైన ఒక రాయి పెట్టడం పాత పద్ధతి. ఇందులో మూడు లోపాలు ఉన్నాయి: మట్టి నేల మీద పెట్టిన గంప కిందికి పందికొక్కు తవ్వుకుని వస్తుంది, కుక్క తోస్తే గంప దొర్లుతుంది, బద్దల మధ్య సందుల్లోంచి పిల్లి పంజా చొప్పించి అంచుకు ఆనుకున్న కోడిని గీరి చంపుతుంది. గంపను వరండాలోనో ఇంటి లోపలో నాపరాళ్ల మీద ఉంచి, రాయిని గంప నడినెత్తిన కదలకుండా కూర్చోబెట్టి, అంచు చుట్టూ జానెడు ఎత్తున సన్న కన్నుల వల కుట్టిస్తే ఈ మూడు లోపాలూ చాలా వరకు తీరుతాయి. ఒకే గంపలో కోళ్లను కుక్కితే ఊపిరాడక చచ్చేవి జంతువు చంపే వాటికి తీసిపోవు కనుక గంపల సంఖ్య పెంచడమే మంచిది.

నాటు కోళ్లు కొన్ని వేప, చింత, మునగ చెట్ల కొమ్మలను వదలవు. వాటిని బలవంతంగా దింపలేనప్పుడు మాను చుట్టూ, పిల్లి ఎగిరి అందుకోలేని నిలువెత్తు మీద, రెండడుగుల వెడల్పు నున్నటి రేకు చుట్టి, పక్క చెట్ల కొమ్మలూ ఇంటి కప్పూ తగలకుండా నరికితే ఎక్కి వచ్చే జంతువులు ఆగుతాయి. అయినా కొమ్మ మీది కోడికి గుడ్లగూబ నుంచి, గాలివాన నుంచి రక్షణ ఉండదు కాబట్టి, సాయంత్రం గూటి దగ్గరే మేత వేసి క్రమంగా లోపలికి అలవాటు చేయడం మేలు.

నిర్మాణం ఎంత గట్టిదైనా, సాయంత్రపు క్రమం తప్పితే ఫలితం సున్నా. పొద్దు గూకడానికి అరగంట ముందు ఒకే పిలుపుతో, గుప్పెడు నూకలతో కోళ్లను పిలవడం, లోపలికి వెళ్తున్నప్పుడే లెక్కపెట్టడం, తక్కువైన కోడిని వెలుతురు ఉండగానే వెతకడం, గడియలు రెండూ వేసి చేత్తో లాగి చూడటం అనే నాలుగు పనులను ఇంట్లో ఒకరు తమ బాధ్యతగా తీసుకోవాలి. పెళ్లికో జాతరకో ఇల్లంతా ఊరెళ్లే రోజున ఈ బాధ్యతను పొరుగువారికి చెప్పి మరీ అప్పగించాలి.

గూటి పరిసరాల శుభ్రత కూడా రక్షణలో భాగమే. మిగిలిపోయిన మేతకు ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములూ అడవిపిల్లులూ వస్తాయి, వచ్చినవి అక్కడే ఉన్న కోళ్లనూ గుడ్లనూ రుచి చూస్తాయి. రాత్రి మేత తొట్టి ఎత్తివేయడం, గూటి చుట్టూ పది అడుగుల మేర కట్టెల మోపులు, రాళ్ల కుప్పలు, పొదలు లేకుండా చూడటం, చచ్చిన కోడిని పెంటలో పారేయక లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చడం వల్ల ఈ గొలుసు మొదట్లోనే తెగుతుంది. రాత్రంతా బల్బు వెలిగిస్తే జంతువులు రావన్న నమ్మకం నిలబడేది కాదు. నాలుగు రోజుల్లో అవి వెలుతురుకు అలవాటుపడతాయి, పైగా దీపం పురుగులను, పురుగులు కప్పలను, కప్పలు పాములను పిలుస్తాయి.

కోపంతో చేసే కొన్ని పనులు మరింత కీడు తెస్తాయి. చచ్చిన కోడికి పురుగుమందు పూసి ఎరగా పెడితే అది తిని చచ్చేవి నక్కలు మాత్రమే కావు, పెంపుడు కుక్కలు కూడా చస్తాయి, ఆడుకునే పసివాడి చేయి దానికి తగిలే ప్రమాదమూ ఉంది. కంచెకు కరెంటు తీగ తగిలించడం మనుషుల ప్రాణాలనే తీస్తున్న నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చంపడాన్నే కాక విషం పెట్టడాన్నీ, ఉచ్చులు పన్నడాన్నీ కూడా వేటగానే పరిగణిస్తుంది. అడవిపిల్లి, పునుగుపిల్లి, నక్క, ముంగిస, ఉడుము, నాగుపాము, జెర్రిపోతు అన్నీ ఆ చట్టపు రక్షణ కిందివే. చట్టం మాట అటుంచినా, అడవిపిల్లికీ జెర్రిపోతుకూ గుడ్లగూబకూ ప్రధాన ఆహారం ఎలుకలు. ఇంటికి వచ్చిన ధాన్యాన్ని ఎలుకల నుంచి కాపాడే ఆ ప్రాణులను చంపుకుంటే కోడి దక్కినా గింజ దక్కదు.

పాముల విషయంలో మరొక హెచ్చరిక చెప్పక తప్పదు. చీకట్లో గూటిలోకి చేయి పెట్టి తడమడం ప్రాణాంతకం. టార్చి వేసి, పొడవైన కర్రతో గడ్డి కదిపి చూశాకనే గుడ్డు తీయాలి. పాము కనిపిస్తే దూరంగా నిలబడి అటవీ సిబ్బందికో, అనుభవం ఉన్న పాములు పట్టేవారికో కబురు చేయాలి. కాటు పడితే నాటు మందుల కోసం కాలయాపన చేయక, కోయడం, గట్టిగా కట్టడం వంటివి మాని, 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు పాముల విషానికీ విరుగుడుగా పనిచేసే ఇంజక్షన్ మన దేశంలోనే తయారవుతున్నది.

చివరిగా ఒక విధానపరమైన అంశం. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి మేలు జాతులు ఇప్పుడు పల్లె పెరళ్లకు చేరుతున్నాయి. వీటిలో వనరాజా వంటి బరువైన కోడి నాటు కోడిలా చురుగ్గా చెట్టెక్కలేదు, కుక్క తరిమితే ఎగిరి తప్పించుకోలేదు. ఎక్కువ ఎదుగుదల ఇచ్చే ఆ బరువే దాన్ని రాత్రి జంతువులకు సులభమైన ఆహారంగా మారుస్తుంది. కాబట్టి పేద కుటుంబానికి పిల్లలను ఇచ్చే ప్రతి పథకం వాటితోపాటు గూటికి కావలసిన వెల్డ్ మెష్, రేకు, గడియలు కూడా ఇవ్వాలి. మహిళా సంఘాలు అప్పు ఇచ్చేటప్పుడు మొదటి వాయిదా గూటికి, రెండోది కోళ్లకు అని నియమం పెట్టుకోవాలి. పశుసంవర్ధక శాఖ సిబ్బంది టీకాలు వేయడానికి వచ్చినప్పుడు గూటి నేలనూ తలుపునూ కూడా పరీక్షించి లోపాలు చెప్పాలి. గూడు సిద్ధం కాకముందే కోళ్లు ఇంటికి వస్తే, ఆ సహాయం పేదరాలి చేతికి కాక రాత్రి తిరిగే జంతువుల నోటికే చేరుతుంది.